ఇనుప రొయ్యకు ఆడకాళ్లు

పోయిన వారం సంచికలో నేను చేసిన పని మీకు గుర్తుండే ఉంటుంది. మీరు మరిచిపోయినా నాకు మరపు రాదు. మా ఆయన యసోకిచి పద్నాలుగు నెలలు కూర్చుని చేసిన ఇనుప ముళ్లరొయ్యకు చిట్టచివరి కాళ్లు రెండూ ఊడదీసి, నేను వంటింట్లో దొంగచాటుగా చేసిన కాళ్లు బిగించాను. మగవాళ్లిద్దరూ గుడికి వెళ్లి వచ్చేలోపు పని అయిపోయింది. రొయ్య మీద మళ్లీ గుడ్డ కప్పేసి, ఏమీ ఎరగనిదానిలా పొయ్యి దగ్గర కూర్చుని గంజి కలుపుతున్నాను.

ఎందుకు చేశానంటే కడుపుమంట. దానికి ఇంకో మంచి పేరు పెట్టే ఉద్దేశం నాకు లేదు. మా నాన్న మిసుమి గెంపచి క్యోటోలో ఇనుప బొమ్మలు చేసే కమ్మరి. ఆయనకు మగపిల్లలు లేరు. ఉన్నది నేనొక్కదాన్నే. నడక రాకముందే సుత్తి చప్పుడు విన్నాను. అయినా నన్ను ఏనాడూ కొలిమి గది గడప దాటనివ్వలేదు. కొలిమిని కాచే కనయగో తల్లి ఆడదేవత. ఇంకో ఆడది లోపల అడుగుపెడితే ఓర్వలేక ఇనుము పగిలేలా చేస్తుందట. ఓర్వలేనితనంలో ఆమే నేనూ అక్కాచెల్లెళ్లం, మా ఇద్దరికీ బాగానే పొసగేది. ఈ మాట అంటే నాన్న చీపురు తీస్తాడు. హిదా కొండల్లోంచి పని నేర్చుకోవడానికి వచ్చిన యసోకిచిని పదిహేనేళ్లు దగ్గర పెట్టుకుని, నాకిచ్చి పెళ్లి చేసి, దత్తత చేసుకుని మా ఇంటిపేరు పెట్టాడు. పెళ్లయిన మర్నాడే అతను మా నాన్నను ‘నాన్నగారూ’ అని పిలిచాడు. నా ఇల్లు, నా ఇంటిపేరు, నా తండ్రి, మూడూ ఒక్క పూటలో అతనివయ్యాయి. నాకు గరిట మిగిలింది.

ఆ రొయ్య ఓడెక్కి పారిస్ ప్రదర్శనకు వెళ్తుంది. నాలుగింటికి వర్తకుడి గుమాస్తా తొకుజీ వచ్చి తీసుకుపోతాడు. ఆలోపు దాని పొట్ట మీద పేరు చెక్కాలి. ముందు ఇంటిపేరు, దాని కింద చేసినవాడి పేరు. ఆ రెండో పేరు యసోకిచిదే.

వాళ్లు గుడినుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నారు. నాన్న నడవాలో చాప మీద కూర్చున్నాడు. మూడేళ్లుగా ఆయన కళ్లకు పొరలు కమ్మి ఉన్నాయి. వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదు. కానీ ఆయన వేళ్లకు మాత్రం ఏ పొరా పట్టలేదు. యసోకిచి గుడ్డ తీసి రొయ్యను ఆయన ఒళ్లో పెట్టాడు. నేను గంజి గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

నాన్న మీసాలతో మొదలుపెట్టాడు. మూరెడు మీసాలు అడుగునుంచి కొసదాకా తడిమి అటూ ఇటూ తిప్పాడు. కళ్ల మీద ముళ్లను బొటనవేలితో నొక్కాడు. తోకను కొంచెం ఎత్తి వదిలితే ఒక్కో బిళ్లా ఒకదాని కిందకు ఒకటి జారి మెత్తగా ముడుచుకుంది. నిజం చెప్పాలి, అది చాలా మంచి పని. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది కూడా అందుకే.

తర్వాత ఆయన వేళ్లు వెనక కాళ్ల దగ్గర ఆగాయి. చాలాసేపు ఆగాయి. నా చేతిలో గిన్నె చుర్రుమంటున్నా కింద పెట్టలేదు.

“ఒరేయ్ యసోకిచీ,” అన్నాడు నాన్న. “ఇది ఎప్పుడు చేశావురా?”

“ఏదండీ నాన్నగారూ?”

“ఈ కాళ్లు. ఇన్నాళ్లూ నీ కాళ్లు చీపురుపుల్లల్లా ఉండేవి. నీ మనసు నొచ్చుకుంటుందని అనలేదు. ఇది చూడు, పట్టుకుంటే వేలిని వెనక్కి తోస్తోంది. దీనికి ప్రాణం వచ్చిందిరా.” కాలి కొసన ఉన్న బుల్లి పట్టకారును గోటితో మీటి నవ్వాడు. “ఆడదాన్ని చేశానని నాతో చెప్పనేలేదే! గడుసువాడివి.”

నాకు ఆ చివరి మాట అర్థం కాలేదు. నా చెవుల్లో ‘ప్రాణం వచ్చింది’ అన్నదొక్కటే మోగుతోంది. ముప్పై ఏళ్లలో మా నాన్న నా పనిని మెచ్చుకున్నది అదే మొదటిసారి. మెచ్చుకున్నది మాత్రం పక్కవాడిని. నేను యసోకిచి వంక చూశాను. అతను వంగి వెనక కాళ్లు చూశాడు. ముఖం పాలిపోయింది. ఇప్పుడు చెప్తాడు, నావి కావండీ అంటాడు అనుకున్నాను.

“అంతా మీ చలవ నాన్నగారూ,” అని వంగి దణ్ణం పెట్టాడు.

చలవట! వంటింట్లోకి వచ్చి గిన్నెను పొయ్యి మీద కుదేశాను. గంజి సగం బూడిదలో పడింది.

వెనకే అతను వచ్చాడు. రొయ్యను గుడ్డలో చుట్టి తెచ్చి కూరలు తరిగే బల్ల మీద పెట్టాడు. తలుపు దగ్గరగా వేశాడు. పెళ్లికి ముందు మేమిద్దరం ‘నువ్వు’ అంటే ‘నువ్వు’ అని కొట్టుకున్నవాళ్లం. నలుగురిలో ఇప్పుడు నేను ‘మీరు’ అంటాను. వంటింట్లో మాత్రం పాత అలవాటే.

“నా కాళ్లేవి?” అన్నాడు గొంతు తగ్గించి.

“నీకున్నాయిగా, రెండు. వాటి మీదే నిలబడ్డావు.”

“వేళాకోళం కాదు నుయీ. రొయ్య కాళ్లు.”

“ఓహో, అవా! నాన్న మెచ్చుకున్న కాళ్లు నీవేనన్నావుగా. మళ్లీ ఇంకేం కాళ్లు?”

“ఏమనమంటావు? పేరు చెక్కే రోజున, కళ్లులేని మనిషితో, మీ అమ్మాయి నా పని చెడగొట్టింది అని చెప్పమంటావా?”

“చెడగొట్టానా?” నా గొంతు లేచింది. “ప్రాణం వచ్చిందన్నాడు ఆయన! నీ పద్నాలుగు నెలల్లో ఎప్పుడైనా అన్నాడా ఆ మాట?”

అతను రొయ్య మీద గుడ్డ విప్పి ఆ కాళ్ల వంకే చూశాడు. దెబ్బ తగిలిందని తెలిసి నాకు కొంచెం హాయిగా అనిపించింది. అంతలో పెరటి తలుపు తోసుకుని చేపల కినో వచ్చింది. ఈమె షిమా తీరాన పుట్టి, క్యోటో చేపల వీధికి కోడలైంది. నెత్తిమీద బుట్ట దించకుండానే నోరు మొదలవుతుంది.

“ఏటమ్మా, మొగుడూ పెళ్లాల అరుపులు వీధి మొగదాకా ఇనబడతన్నాయి! నాను ఏదో నిప్పంటుకుందనుకున్నాను.” బుట్ట దించి బల్ల వైపు చూసింది. “అమ్మో అమ్మో, ఇదేనా పరాయి దేశం పోయే రొయ్య? మీసాలు సూడు, కదుల్తన్నట్టే ఉంది. ముట్టుకోవచ్చా?”

ముట్టుకోవద్దు అనేలోపే తిరగేసింది. యసోకిచి చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగిపోయాడు. పేరు చెక్కేదాకా రొయ్యను వెల్లకిలా వెయ్యకూడదన్నది మా ఇంటి పద్ధతి. వెల్లకిలా పడినది చచ్చినదే అంటాడు నాన్న. అందుకే పొద్దున ఆయన కూడా పొట్ట తడమలేదు.

కినో తోక కింద చూసింది. వెనక కాళ్లు చూసింది. మళ్లీ తోక కింద చూసింది. తర్వాత బుట్ట అంచు పట్టుకుని పడీ పడీ నవ్వింది.

“ఏముందే అంత నవ్వడానికి?” అన్నాను.

“ఇదేటి బాబూ? మొగరొయ్యకి ఆడకాళ్లెట్టారు! ఇదిగో, కొసన ఈ పట్టుకొక్కెం ఆడదానికే ఉంటాది. గుడ్లు సవరించుకోడానికి. మొగోడికెందుకూ? తోక కింద రేకులు సూస్తే మొగోడివి, సన్నంగా. ఆడదానికైతే ఆకుల్లా ఎడంగా, జంటజంటలుగా ఉంటాయి, గుడ్లు పట్టుకోవాలిగా. మా ఊళ్లో ఐదేళ్ల పిల్ల సెప్తాది ఈ ముక్క.”

ఆరు నెలల కిందట ఇదే కినో దగ్గర నేను ఒక ముళ్లరొయ్యను కొన్నాను. ఉడకబెట్టే ముందు మూడు రోజులు రంపపుపొట్టులో ప్రాణంతో ఉంచి, దాని వెనక కాళ్లు చూసి చూసి కాగితం మీద గీసుకున్నాను. అది ఆడది. యసోకిచి నమూనాకని కొలిమి గదిలోకి తీసుకెళ్లినది వేరే రొయ్య. అది మగది. ఆడదానికీ మగదానికీ కాళ్లలో తేడా ఉంటుందని నాకు తెలియదు. నాన్న ‘ఆడదాన్ని చేశావు’ అన్నది అందుకేనని అప్పుడు తలకెక్కింది. యసోకిచి ముఖం పాలిపోయినదీ అందుకే.

“ఎవరితోనూ అనకు కినో,” అన్నాడు యసోకిచి.

“నాననక్కర్లేదు నాయనా. ఆ తొకుజీ గుమాస్తాదీ మా ఊరే. ఆళ్లయ్య రొయ్యల వల మీదే పెంచాడు. ఎత్తగానే తోక కిందే సూస్తాడు.” కినో రెండు కానాగంత చేపలు తీసి నా గిన్నెలో పడేసింది. “ఇయ్యాల మీకు వండుకునే మనసుండదుగానీ, ఉంచుకోండి.” నవ్వు ఆపుకుంటూ బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

యసోకిచి చెయ్యి చాపాడు.

“నా కాళ్లివ్వు. పావుగంటలో బిగిస్తాను.”

“ఇవ్వను.”

“నుయీ, ఇంటి పరువు పోతుంది.”

“నాకు తెలుసు. కానీ సాయంత్రం పేరు చెక్కేముందు నాన్న మళ్లీ తడుముతాడు. పొద్దున ప్రాణమున్న కాళ్లు, ఇప్పుడు చీపురుపుల్లలు. అప్పుడేం చెప్తావు?”

అతను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. పెద్ద చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూసుకున్నాడు.

“నీకో సంగతి చెప్పనా?” అన్నాడు. “పొద్దున ఆయన ఆ మాట అన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. పదిహేనేళ్లు పని నేర్చుకున్నాను, మూడేళ్లు ఈ ఇంటి కొడుకుగా ఉన్నాను. ఒక్కసారైనా ఆ మాట అంటాడని చూశాను. అన్నాడు. వంగి చూస్తే నా పని కాదు. ఆ కాళ్లు చేసినవాడెవడో వాడి చేతులు విరిచెయ్యాలనిపించింది. అవి నీవని తెలిశాక కూడా అనిపించింది.”

“మరి నీవని ఎందుకన్నావు?”

“అబద్ధమైనా సరే, ఆ మాట నా దగ్గరే ఉండాలనిపించింది.”

జాలిపడాల్సిన చోట నాకు కోపమే వచ్చింది. ఏడవడానికి కూడా నాకంటే ముందు అతనే కూర్చున్నాడు. అయినా పొద్దు ఎక్కుతోంది. నేను రొయ్యను వెల్లకిలా తిప్పి తోక కింద వేలు పెట్టాను.

“కాళ్లు మార్చడం కుదరదు. పొట్ట మారుద్దాం. నాన్న ఆడదన్నాడు కాబట్టి ఆడదాన్నే చేద్దాం. నాలుగు జతల రేకులు. ఎనిమిది ఆకులు. నాలుగింటిదాకా టైముంది.”

“కొలిమిలోకి నువ్వు రాకూడదు. నేనొక్కణ్ణి చేస్తే ఎనిమిది అవ్వవు.”

“వంటింటి పొయ్యిలో కనయగో తల్లి లేదుగా. పల్చటి రేకుకు ఈ నిప్పు చాలు. ఆ కాళ్లు ఇక్కడే చేశాను.”

అతను పొయ్యి వంక చూశాడు, నా వంక చూశాడు. “రేపు పారిస్‌లో అయినా, ఇక్కడైనా, పేరు నాదే ఉంటుంది. తర్వాత నన్ను దెప్పకూడదు.”

“ఇల్లు నిలబడితే చాలు,” అన్నాను. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

అతను కొలిమి గదినుంచి రేకు, కత్తెర, అడుగున పెట్టి కొట్టే చిన్న దాగలి తెచ్చాడు. నాన్న భోజనం చేసి కునుకు తీస్తున్నాడు. అతను కత్తిరించాడు, నేను నిప్పులో కాల్చి మెత్తబరిచి సుత్తితో ఆకులా వంచాను. చప్పుడు వినబడకుండా దాగలి కింద పాత చాప మడిచి వేశాం. అతని కత్తెర ఒక్కసారి కూడా తడబడలేదు. గీత గీయకుండానే ఎనిమిదీ ఒకే కొలతలో కోశాడు. నేను చస్తే అలా కొయ్యలేను. పక్కన కూర్చుని పని చేస్తున్నా నాకు ఆ చెయ్యి మీద ఈర్ష్యే. నేను వంచిన మొదటి ఆకును వెలుగులో తిప్పి చూసి అతను పళ్లు కొరికాడు. అతనికీ అదే జబ్బు. మూడు గంటలకు మేకులు బిగించి, కొత్త రేకుల మెరుపు పోయేలా చిక్కటి టీ కషాయం రాసి ఆరబెట్టాం. అటూ ఇటూ ఊపితే ఎనిమిది ఆకులూ ఒకదాని వెనక ఒకటి అలలా లేచి పడ్డాయి. ఆ ఒక్క క్షణం ఇద్దరం నవ్వుకున్నాం.

“యసోకిచీ! అమ్మాయ్! టైమైంది, రండి,” అని పిలిచాడు నాన్న.

పేరు చెక్కేది కొలిమి గదిలోనే. నేను గడప ఇవతల మోకాళ్ల మీద కూర్చున్నాను. లోపల నాన్న, ఆయన ఎదురుగా యసోకిచి, మధ్యలో మెత్తటి గుడ్డ మీద వెల్లకిలా రొయ్య. నాన్న చెయ్యి పొట్ట మీదకు వెళ్లింది. ఒక్కో ఆకూ లెక్కపెట్టినట్టు తడిమాడు. ఎనిమిదోదాన్ని రెండోసారి తడిమాడు.

“ఇదే చెయ్యి,” అన్నాడు. “కాళ్లు చేసిన చెయ్యే. నేను ఈ ఇంటికి కొడుకు లేడని ఎన్నో ఏళ్లు కుమిలిపోయాను. నీకు పేరిచ్చినప్పుడు కూడా, ఏదో సర్దుకున్నాననే అనుకున్నాను. ఇవాళ చెప్తున్నా వినరా. నువ్వు నా కొడుకువి. నా రక్తంలో పుట్టినా ఇంతకంటే బాగా చెయ్యలేరు. చెక్కు పేరు.”

యసోకిచి ఉలి తీసుకున్నాడు. ఇంటిపేరు చెక్కాడు. ఒక్కో దెబ్బా నా నెత్తిన పడింది. తన పేరు దగ్గరికి వచ్చేసరికి ఉలి ఇనుము మీద పెట్టి ఆగిపోయాడు. సుత్తి ఎత్తాడు, దించాడు. మళ్లీ ఎత్తాడు.

“ఏం ఆగావు?” అన్నాడు నాన్న.

నా రక్తంలో పుట్టినా ఇంతకంటే బాగా చెయ్యలేరు. ఆ మాట నా లోపల తిరుగుతోంది. ఎప్పుడు లేచానో తెలియదు. గడప దాటాను. యసోకిచి చేతిలోంచి సుత్తీ ఉలీ లాక్కున్నాను. అతను గట్టిగా పట్టుకుంటే వచ్చేవి కావు. పట్టుకోలేదు. మిసుమి అన్న ఇంటిపేరు కింద నుయి అన్న నా పేరులోని మొదటి గీత ఒక్క దెబ్బతో దింపాను.

“ఆగు,” అన్నాడు నాన్న.

నేను సుత్తిని గాల్లోనే ఆపాను.

“ఆ దెబ్బ యసోకిచిది కాదు.” ఆయన తల నెమ్మదిగా నా వైపు తిరిగింది. “ఎవరది?”

“నేనే నాన్నా.”

“చెయ్యి ఇటివ్వు.”

ఇచ్చాను. వేళ్ల మీద కాలిన మచ్చలు, బొటనవేలి పక్కన కాయ కాసిన చోటు, ఒక్కొక్కటీ తడిమాడు. పొద్దున రొయ్యను తడిమినంత సేపు తడిమాడు. ఏడుస్తాడేమో, కొడతాడేమో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

“కాళ్లు?”

“నావే.”

“పొట్ట?”

“అతను కోశాడు. నేను వంచాను. మిగతా రొయ్యంతా అతనిదే.”

బయట ముంగిట్లో చెక్కచెప్పుల చప్పుడైంది. “గెంపచిగారూ, తొకుజీని! బండి సిద్ధంగా ఉంది,” అని గుమాస్తా కేక వేశాడు.

“యసోకిచీ,” అన్నాడు నాన్న, “వెళ్లి ఆయనకు టీ ఇయ్యి. తలుపు మూసి వెళ్లు.”

అతను లేచాడు. నా వంక చూడలేదు. కాగితం తలుపు మూసుకుంది. అవతల అతని నీడ మాత్రం అక్కడే నిలబడింది.

నాన్న నా చెయ్యి వదల్లేదు. “ఈ పేరు మా నాన్న నాకొక్కడికే ఇచ్చాడు. పంచుకోమని ఇవ్వలేదు. నేనూ ఒక్క చేతికే ఇస్తాను. నీకు కావాలంటే చెప్పు. రేపే దత్తత రద్దు చేసి వాణ్ణి హిదా పంపించేస్తాను. పెళ్లీ దాంతోనే పోతుంది. ఆ గీత కింద నీ పేరు పూర్తిచెయ్యి. వద్దంటే సుత్తి కింద పెట్టి, జన్మలో ఇనుము ముట్టనని ఇక్కడే చెప్పి పో. ఆ గీతను వాడి పేరులో కలుపుతాను.”

“నాన్నా, ఇద్దరం కలిసి చేస్తే…”

“కలిసి చేశారో లేదో నేనడగలేదు. పేరు ఎవరిదని అడిగాను. తొకుజీ టీ తాగేలోపు చెప్పు.”

తలుపు అవతల నీడ కదల్లేదు. అంతా వింటున్నాడు. మధ్యాహ్నమంతా నా పక్కన కూర్చుని ఎనిమిది ఆకులూ గీత లేకుండా కోసిన మనిషి. అతను వెళ్లిపోతే ఈ ఇంట్లో ఇంకెవరి మీదా నాకు కడుపుమంట ఉండదు.

నేను ఉలిని ఆ గీత పక్కన ఆనించాను. సుత్తి ఇంకా నా చేతిలోనే ఉంది.